బావ తీసే పిడికెడు

మా అక్క చెయ్యి చాలా చిన్నది. ఒక కుటుంబం కథలో ఇది అంత ముఖ్యమైన సంగతి అవుతుందని ఆమె పెళ్లినాడు ఎవరికీ తోచలేదు. గాజులమ్మేవాడు ఒక్కడే గమనించాడు. చిన్నపిల్లల గాజులు తొడిగి పెద్దవాళ్ల ధర తీసుకున్నాడు.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో మా క్రైస్తవుల ఇళ్లకు ఒక అలవాటుంది. అన్నం వండే ముందు, చాటలో పోసుకున్న బియ్యంలోంచి ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి పక్కనున్న మట్టికుండలో వేస్తుంది. అది దేవునిది. తిన్నాక మిగిలితే ఇచ్చేది కాదు, తినకముందే తీసిపెట్టేది. వండిన ప్రతిసారీ తీయాలి. ఆదివారం ఆ కుండలో చేరిందంతా గుడ్డలో మూటకట్టి గుడికి తీసుకుపోయి ముందు పెట్టిన వెదురుగంపలో పోస్తారు. మేం చర్చిని గుడి అనే అంటాం. మా గుడికి రేకుల కప్పు, సున్నం గోడలు, కూర్చోవడానికి చాపలు. గంపలో రేషన్ బియ్యం, సన్నబియ్యం, నూకలు, పాతవి, కొత్తవి అన్నీ కలిసిపోతాయి. కొంత దిక్కులేని ముసలివాళ్లకు పోతుంది, కొంత పాస్టరయ్య ఇంటికి పోతుంది. ఇన్ని రకాల బియ్యం ఒక్క తీరుగా ఉడకవు కదా. కొన్ని మెత్తబడతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. మా పాస్టరయ్య ఏళ్ల తరబడి ఆ అన్నమే తిన్నాడు. ఆయన ప్రసంగాలు కూడా దాదాపు అట్లాగే ఉండేవి, కాని ఆ మాట ఇక్కడ వద్దు.

అక్క అత్తగారింట్లో మొదటిసారి వంటకు కూర్చున్నప్పుడు, చాటలోంచి తన పిడికెడు తీసి కుండలో వేసింది. అత్త తొంగిచూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"గిదేం పిడికెడే బిడ్డా? దేవునికి ఏస్తున్నవా, పిట్టకు ఏస్తున్నవా?"

అక్క మొహం ఎర్రబడింది. అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. అది మా బావది. ట్రాక్టర్ స్టీరింగు తిప్పి, రాళ్లు మోసి, ఆ చెయ్యి చాటతో పోటీపడే సైజుకు వచ్చి ఉంది. ఆ చెయ్యి బియ్యంలోకి దిగింది, నిండుగా పైకి లేచింది, కుండలో ఖాళీ అయింది. "నీదే ప్రభువా" అన్నాడు బావ. కొత్త పెళ్లికొడుకు సిగ్గులో అంతకన్నా పెద్ద ప్రార్థన కుదరలేదేమో. తర్వాత కూడా అతడు దాన్ని పొడిగించలేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పిడికెడు తీసే పని మగవాడిదైంది. వాడకట్టు ఆడవాళ్లు ఎక్కడా లేని వింతని నవ్వారు. అక్క మాత్రం ప్రతి సాయంత్రం పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, చాటలో బియ్యం పోసి, అతడు పని నుంచి వచ్చేదాకా ఆగేది. అతడు చేతులు కడుక్కొని, పిడికెడు తీసి, ఆ రెండు మాటలు అనేవాడు. అప్పుడు బియ్యం కడిగేది. మర్నాటి పొద్దుటి సద్దికి కూడా అదే వంట.

అత్త పోయాక, నేను ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో వాళ్లింట్లోనే ఉన్నాను. దేవుణ్ణి నేను నమ్మేవాణ్ణి. ఆయనకు నన్ను నమ్మడానికి మాత్రం పెద్దగా కారణాలు ఇవ్వలేదు. గుడిలో చివరి చాప మీద కూర్చొని, ప్రసంగం మధ్యలో పక్కవాళ్లను నవ్వించడం నా సేవ.

అది వానలు పడని ఏడు. పెద్ద చెరువు ఎండి అందులో పశువులు మేస్తున్నాయి. బావ కంకర మిషన్ దగ్గర రాళ్లెత్తే పనికి పోతున్నాడు. ఆ నెల రేషన్ బియ్యం ఇంకా రాలేదు. ఒక సాయంత్రం అక్క డబ్బాను బోర్లించి, అడుగున తట్టి, ఉన్నదంతా చాటలో పోసింది. ఇద్దరికి సరిపోతుంది. తినేవాళ్లం ముగ్గురం. నేను ఫిజిక్స్ విద్యార్థిని కాబట్టి నా చూపు చాట మీద నుంచి బావ చేతి మీదికి పోయింది.

బావ అప్పుడే వచ్చాడు. మొహం, కనురెప్పలు, చెవులు అన్నీ రాతిదుమ్ముతో తెల్లగా ఉన్నాయి. చేతులు కడుక్కున్నాక మోచేతుల దాకా మాత్రం మనిషిలా కనిపించాడు. వచ్చి చాట ముందు కూర్చున్నాడు.

పిడికెడు తీయడానికి రెండు పద్ధతులున్నాయి. వేళ్లు ముందే సగం మూసి పైపైన ముంచితే కొన్ని గింజలు వస్తాయి. అదీ పిడికెడే, ఎవరూ తప్పుపట్టరు. వేళ్లు బార్లా తెరిచి, చాట అడుగు తగిలేదాకా ముంచి, అక్కడ మూస్తే వచ్చేది వేరు. నేను లోలోపల మొదటి పద్ధతిని గట్టిగా బలపరుస్తున్నాను.

బావ చెయ్యి తెరిచి ముంచాడు.

చాట మధ్యలో గుంట పడింది. "నీదే ప్రభువా" అన్నాడు. కుండలో బియ్యం పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆకలి మీద ఉన్నవాడికి చప్పుళ్లు బాగా వినిపిస్తాయి. ఆ పూట మేం అన్నం తినలేదు, తాగాం.

గంజి గిన్నె ఎత్తేముందు నేను ఉండబట్టలేక అడిగాను. "బావా, మన సంగతి దేవునికి తెల్వదా?"

"ఎందుకు తెల్వదు? తెలుసు."

"మరి ఇయ్యాల జర తక్కువ తీస్తే ఏమైతుండె?"

"ఆయనకు మన సంగతి తెలుసు బామ్మర్దీ. మనకు ఆయన సంగతి తెల్వాలె గద" అని గంజి తాగడంలో పడ్డాడు.

తాను గొప్ప మాట అన్నానని అతడికి తెలియదు. తెలిస్తే పాడయ్యేది. నేను మాత్రం గిన్నె పట్టుకొని అట్లాగే ఉండిపోయాను. కాలేజీలో మాకు పైనుంచి వదిలిన ప్రతి వస్తువూ ఎందుకు కిందికే పడుతుందో చెప్పారు. ఆకలి మీదున్న మనిషి చెయ్యి, పక్కన ఎవరూ అడ్డం లేకపోయినా, తనంతట తాను ఎందుకు చిన్నది కాలేదో చెప్పే పాఠం ఏ సెమిస్టర్‌లోనూ లేదు. నాకు ఒళ్లు జలదరించింది. ఆకలికి కూడా అట్లా అవుతుందంటారు, కాబట్టి గట్టిగా చెప్పలేను.

తర్వాత పట్నం మా వైపు నడిచి వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు అన్నారు, శంషాబాద్‌లో విమానాశ్రయం అన్నారు. గుట్టకొక ఇంజనీరింగ్ కాలేజీ లేచింది. నాకూ ఒక గుట్ట మీద లెక్చరర్ ఉద్యోగం దొరికింది. కందులు కూడా సరిగా మొలవని చెలకల్లో తెల్లరంగు వేసిన హద్దురాళ్లు చక్కగా మొలిచాయి. వాటికి నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, పోస్టర్ ఉంటే చాలు.

బావ అప్పటికి ఒక కాంట్రాక్టర్ దగ్గర ట్రాక్టర్ నడుపుతున్నాడు. ఆ కాంట్రాక్టర్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. అక్కకు ఆపరేషన్ అయినప్పుడు తన కారులో పట్నం దవాఖానకు తీసుకుపోయి, ఆమె కళ్లు తెరిచేదాకా వరండాలో బావ పక్కనే కూర్చున్నాడు. చెలకలు చదును చేయించే పని మానేసి వెంచర్లు వేయడం మొదలుపెట్టినప్పుడు, "తమ్మీ, ట్రాక్టర్ దిగు, ప్లాట్లు చూపెట్టు" అన్నాడు. బావకు ఆ చుట్టుపక్కల ఏ గెట్టు ఎవరిదో తెలుసు. అంతకంటే ముఖ్యంగా అతడి మొహం చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది.

అతడు అబద్ధం ఆడడు. అడగనిది చెప్పడు, అంతే. నాదర్‌గుల్ వైపు వెంచర్ చూపిస్తున్నప్పుడు నెత్తిమీద నుంచి చిన్న విమానం పోతే కొనేవాళ్లు తలెత్తి చూసేవారు. "పక్కనే దిగుతయి సార్" అనేవాడు బావ. అది పైలట్లు నేర్చుకునే మైదానమని, అందులో ఇద్దరు కూర్చుంటే విమానం నిండుతుందని వాళ్లు అడగలేదు.

రోజులు మారాయి. మొదట కొత్త మోటార్‌సైకిల్, ఆ తర్వాత కాంట్రాక్టర్ ఇచ్చిన కారు, ఇబ్రహీంపట్నంలో కొత్త కాలనీలో ఇల్లు. ఇంట్లో సోఫా, సోఫా ముందు గాజుబల్ల, పడకగదిలో ఏసీ. బావ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకొని పడుకునేవాడు. ఐశ్వర్యమంటే అదేనని నేనూ ఒప్పుకున్నాను. కాంట్రాక్టర్ పండక్కి ఒక బంగారు ఉంగరం పెట్టాడు. కొత్త వంటగదిలో మెరిసే అరల మధ్య అక్క తన పాత మట్టికుండను పెట్టుకుంది. ఇంటి పని చేసిన మేస్త్రీ దాన్ని సామాను వెంట పొరపాటున వచ్చిందనుకొని బయట పెట్టాడు. అక్క మళ్లీ లోపల పెట్టింది.

చిక్కంతా ఆదివారంతో వచ్చింది. ప్లాట్లు చూడ్డానికి జనం వచ్చేది ఆదివారమే. ఆఫీసులకు సెలవు, పిల్లలకు బడి లేదు, భార్యాభర్తలు కలిసి చూడాలి. వెంచర్ వాళ్లు పట్నం నుంచి బస్సులు పెట్టి తీసుకొస్తారు. గుడి గంట మోగే సమయం, ఆ బస్సులు వచ్చే సమయం ఒకటే.

బావ గుడిలో ముందు చాప మీద కూర్చొని డోలక్ వాయించేవాడు. మొదట ముగింపు ప్రార్థనకు ముందే లేచిపోవడం మొదలైంది. అందరి ముందు నుంచి లేచిపోవడం బాగుండదని డోలక్ ఇంకొకరికి ఇచ్చి నడిమి చాపలోకి జరిగాడు. తర్వాత నా చాప దాకా వచ్చాడు. "రా బావా, మంచి చోటు" అన్నాను. అక్కడా నిలవలేదు. తలుపు దగ్గరికి పోయాడు. కొన్నాళ్లు బయట బండి మీద కూర్చొని, తాళంచెవి పెట్టి ఉంచి, కిటికీ లోంచి ప్రసంగం విన్నాడు. తర్వాత గుడి ముందు నుంచి పోతూ కారు నెమ్మది చేసేవాడు. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. నెమ్మది చేయాల్సిన అవసరం లేకపోయింది.

ఇంట్లో చాట కూడా ఆలస్యమైంది. అతడు రావడం పొద్దుపోయేది. ఎసరు మరిగి మరిగి ఇంకిపోతే అక్క మళ్లీ నీళ్లు పోసేది. "నువ్వే తీసెయ్యరాదే?" అనేవాడు ఫోన్లో. "నా చెయ్యి చిన్నదని మీ అమ్మన్నది. ఇప్పుడు పెద్దగైందా?" అనేది అక్క.

అప్పుడు బావకు ఒక ఉపాయం తోచింది. ఆ వ్యాపారంలో ఉన్న మనిషికే తోచే ఉపాయం. ఒక ఉదయం మిల్లు నుంచి సన్నబియ్యం బస్తా ఎత్తించి తిన్నగా పాస్టరయ్య ఇంటికి పంపాడు. ఏడాదికి సరిపడా పిడికిళ్లన్నీ కలిపినా అంత కాదట. దేవునితో ఒకేసారి సెటిల్ చేసుకున్నాడు. రోజువారీ రాకపోకలు ఇక అక్కర్లేదు.

ఆ ఆదివారం పాస్టరయ్య బస్తా గురించి ప్రత్యేకంగా స్తోత్రం చెప్పాడు. బావ అక్కడ లేడు కాబట్టి ఆ స్తోత్రం అక్క మీదుగా పోయింది. ఆమె తలవంచుకుని కూర్చుంది. పాస్టరయ్య ఇంట్లో జీవితంలో మొదటిసారి అన్నం ఒక్క తీరుగా ఉడికింది. ప్రసంగంలో మాత్రం మార్పు కనపడలేదు.

ఆ సాయంత్రం అక్క ఎప్పట్లాగే చాట అతడి ముందు పెట్టింది. నేను సోఫాలో ఉన్నాను.

"చెయ్యి పెట్టు."

"మొన్ననే బస్త పంపితి గదనే!"

"గది నువ్వు పంపింది. గిది మనం తినేటిది."

"రెండూ బియ్యమే గద?"

"బస్త తక్కువైతే నీకు ఆకలైతదా?" అడిగింది అక్క. "ఈ చాటలకెల్లి తీస్తే తెలుస్తది. తీసినట్టు మనకు తెల్వాలె."

"ఇప్పుడు చాటలకెల్లి తీసినా తెల్వదే. మస్తుగున్నయి."

"అవ్. గందుకే ఇంక భయమైతుంది నాకు" అంది అక్క.

బావ ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ బయటికి పోయాడు. అక్క చాటలో బియ్యాన్ని కాసేపు చూసి, మళ్లీ డబ్బాలో పోసి, ఉప్మా చేసింది.

మర్నాడు జొన్నరొట్టె. ఆ తర్వాత గోధుమరొట్టె, మళ్లీ ఉప్మా. ఆమె అలగలేదు, ఏడవలేదు, గుడిలో లేచి సాక్ష్యం చెప్పలేదు. తీయనిది వండదు, అంతే. మా వైపు మనిషి కడుపునిండా రొట్టెలు తిని కూడా "ఇంకా బువ్వ తినలే" అంటాడు. ఆ ఇంట్లో వారాలపాటు అన్నం ఉడకలేదు. బావ బయట బిర్యానీలు తిని వచ్చేవాడు. నేను లెక్చరర్‌ని, రెండు వైపులా మాట్లాడగలను. బావతో అక్కది మొండితనమన్నాను, అక్కతో బావ పరేషాన్‌లో ఉన్నాడన్నాను. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. పాస్టరయ్య ఇంటికొచ్చి, "బిడ్డా, బస్త ఇచ్చుడు కూడ మంచిదే గద" అంటే, "అవ్ అయ్యగారూ, మీకు మంచిదే" అని ఆయనకు చాయ్ పోసింది. ఆయన చాయ్ తాగి, ప్రార్థన చేసి వెళ్లాడు.

ఆ రోజుల్లోనే కాంట్రాక్టర్ ఇంటికి వచ్చాడు. మహేశ్వరం వైపు పెద్ద వెంచర్ వేస్తున్నాడు. బావకు అందులో వాటా ఇస్తానన్నాడు. జీతం కాదు, కమీషన్ కాదు, వాటా. కంకర మిషన్ దగ్గర తెల్లబడ్డ ఆ మొహానికి, ఇంత వెంచర్‌లో భాగం.

"చెల్లె, ఇగ నువ్వు మహారాణివి" అన్నాడు అక్కతో. అక్క నవ్వి చాయ్ ఇచ్చింది.

"గని తమ్మీ, ఒక్కటే మాట. పొద్దటికెల్లి పొద్దుమీకేదాక ప్రతి ఆదివారం నువ్వు సైట్ మీద ఉండాలె. నీ మొహం చూస్తెనే ప్లాట్ అమ్ముడువోతది. మధ్యల గుడి, పండుగ, ప్రార్థన అంటే కుదరదు. నీ దేవునికి సోమవారం పెట్టు. ఆయనకు ఏ రోజైతే ఏంది? ఆయనకేమన్న క్యాలెండర్ ఉంటదా?"

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. 

"వచ్చే ఆదివారమే ఓపెనింగ్. టెంట్లు, బస్సులు, భోజనాలు అన్ని చెప్పిన. నలుగురి ముంగట నిన్ను నిలబెట్టి, ఈడు నా పార్ట్‌నర్ అని చెప్త."

అతడు వెళ్లాక అక్క కప్పులు తీస్తూ అడిగింది. "అంటే ఇగ నీకు ఆదివారం లేనట్టేనా?"

"కొన్నేండ్లే గదనే. అటెన్క జిందగంత ఆదివారమే."

"అటెన్క గుడికి తొవ్వ యాదికుంటదా?"

బావ ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ ఉంగరం పెట్టిన మనిషి ఆపరేషన్ నాడు తన పక్కన కూర్చున్న మనిషి. ఆశ ఒక్కటే అయితే అతడు ఎప్పుడో తేల్చుకునేవాడు. అక్కడ రుణం కూడా ఉంది, అదీ మంచి రుణం. సాతానుకు కొమ్ములుంటాయని సండే స్కూల్లో బొమ్మ చూపించారు. దవాఖాన వరండాలో నీ భుజం మీద చెయ్యేసిన మనిషి నవ్వుతూ అడిగితే ఏం చేయాలో చూపించలేదు.

శనివారం సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. మర్నాడు ఓపెనింగ్‌కు నన్ను కూడా రమ్మన్నారు. భోజనాలు బాగుంటాయని తెలిసి నేను ఆధ్యాత్మికంగా తర్జనభర్జన పడుతున్నాను. అక్క కింద కూర్చొని జొన్నపిండి కలుపుతోంది. ఇంకా ఎండ పోలేదు. బావ కారు శబ్దం వినిపించింది. ఆ వేళకు అతడు ఇంటికి వచ్చి చాలా కాలమైంది. రేపటికి ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా చేతిలో ఉంది. దాన్ని సోఫా మీద పెట్టాడు. ఏసీ వేయలేదు. అక్క పక్కన కాసేపు నిలబడ్డాడు.

"వంటేంది?"

"రొట్టెలు."

"ఎన్ని రోజులాయెనే మనింట్ల అన్నం వండక?"

"నువ్వే చెప్పు."

అతడు లోపలికి పోయి చేతులు కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వచ్చింది. వచ్చేసరికి వేలికి ఉంగరం లేదు. కింద, పిండి పళ్లెం ఎదురుగా, బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఆ ఇంట్లో నేల మీద కూర్చోవడం అతడు మానేసి చాలా రోజులైంది. మోకాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఫిర్యాదు చేశాయి.

"బియ్యం తే" అన్నాడు.

అక్క చేతులు పిండిలోనే ఆగిపోయాయి. తలెత్తలేదు. ఒక్క క్షణం తర్వాత లేచి, చేతులు కడుక్కొని, చాటలో బియ్యం పోసుకొని వచ్చి అతడి ముందు పెట్టింది. మట్టికుండ తెచ్చి తన ఒళ్లో పెట్టుకుంది.

బావ చెయ్యి తెరిచాడు. చాట అడుగుదాకా ముంచి, మూసి, పైకెత్తాడు. ఎత్తి అట్లాగే ఆగిపోయాడు. కుండ మీద పిడికిలి నిలిచిపోయింది. నోరు తెరిచాడు, ఆ రెండు మాటలు రాలేదు. వేళ్ల సందుల్లోంచి గింజలు ఒకటీ ఒకటీ చాటలోకి రాలుతున్నాయి.  ఎన్నో ఏళ్లుగా నోటికొచ్చిన మాట, నిద్రలో కూడా అనగలిగిన మాట, ఇప్పుడు అంటే నిజం కావాల్సిన మాట. అందుకే రావడం లేదు. నేను సోఫాలో ఉన్నవాణ్ణి ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు.

"బామ్మర్దీ, అన్నకు ఫోన్ కలుపు" అన్నాడు బావ. "చెయ్యి నిండి ఉంది."

అతడి జేబులోంచి ఫోన్ తీసి, నంబర్ కలిపి, చెవి దగ్గర పట్టుకున్నాను. అంత ముఖ్యమైన ఘట్టంలో నా పాత్ర ఫోన్ స్టాండ్‌ది. దానికి నేను ఇప్పటికీ గర్వపడతాను.

"అన్నా, రేపు నేను రాను."

స్పీకర్ పెట్టలేదు. ఆ గొంతుకు స్పీకర్ అవసరం లేదు. "జ్వరమా?"

"కాదన్నా. మంచిగనే ఉన్న."

"మరేంది?"

"ఆదివారం కుదరదన్నా. ఏ ఆదివారం కుదరదు."

అటువైపు చాలాసేపు నవ్వు. బావ ఓపిగ్గా నవ్వు ఆగేదాకా ఆగాడు. నవ్వు ఆగింది.

"పాగల్ అయినవారా? బ్యానర్ల నీ ఫొటో ఏసిన! వాటా రా అది, జీతం కాదు!"

"తెలుసన్నా. వేరేటోళ్లకియ్యి. కోపం చెయ్యకు. దవాఖాన్ల నువ్వు నా పక్కన కూసున్నది సచ్చేదాక మర్వ. సోమవారం కెల్లి శనివారం దాక ట్రాక్టర్ నడుపమన్నా నడుపుత. గని ముందుగాల దేవునిది తియ్యకుంట తిన్న గిన్ని రోజులు. ఏది తిన్నా తిన్నట్టు లేదన్నా."

అటు నుంచి కొన్ని మాటలు వచ్చాయి. అవి రాయదగినవి కావు, రాసినా కొత్తవి కావు. తర్వాత ఫోన్ కట్ అయింది. నేను దాన్ని ఇంకా చెవి దగ్గరే పట్టుకొని ఉన్నాను. బావ పిడికిలి అంతసేపూ కుండ మీదే ఉంది. 

"నీదే ప్రభువా" అని చెయ్యి విప్పాడు.

బియ్యం కుండలో పడ్డ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. ఈసారి నాకు ఆకలిగా లేదు, అయినా అంతే స్పష్టంగా వినిపించింది. అక్క కుండను పక్కన పెట్టి, చాట ఎత్తుకొని వంటగదిలోకి పోయింది. కాసేపటికి అన్నం ఉడుకుతున్న వాసన ఇల్లంతా కమ్ముకుంది. పచ్చిపులుసు చేసింది. ముగ్గురం నేల మీద కూర్చొని తిన్నాం. బావ పళ్లెం వైపు వంగి, చిన్నపిల్లవాడిలా తిన్నాడు. నేను జోక్ వేయాలని చాలా ప్రయత్నించాను. నా జన్మలో అంత పెద్ద వైఫల్యం లేదు. బండమీద పిడుగు పడితే చూసినవాడు ఏం మాట్లాడతాడు?

తర్వాత జరిగింది చెప్పాలి కాబట్టి చెబుతాను. సోమవారం కారు తిరిగి వెళ్లింది, ఉంగరం కూడా. ఉంగరాన్ని కాంట్రాక్టర్ వెనక్కి పంపాడు. బావ మళ్లీ పంపాడు. అట్లా అది కొన్నాళ్లు ప్రయాణాలు చేసింది. చివరికి ఎవరి దగ్గర ఆగిందో నేను అడగలేదు. ఆ వెంచర్ బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. దేవుడు దాన్ని ముంచేస్తాడేమోనని నేను కొంతకాలం ఎదురుచూశాను. అట్లాంటిదేమీ జరగలేదు, ఇప్పుడక్కడ మంచి కాలనీ ఉంది. కొత్త ఇల్లు నిలుపుకోలేక అక్కావాళ్లు అమ్మేసి, చిన్న ఇంట్లోకి మారారు. బావ పాత ట్రాక్టర్ ఒకటి కొనుక్కొని మట్టి తోలే పని చూసుకున్నాడు. కాంట్రాక్టర్ ఏడాది పాటు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు మనిషిని పంపి, తన చెలక చదును చేయాలన్నాడు. ఆదివారం తప్ప ఏ రోజైనా సరే అన్నాడట. ఈ కథలో అద్భుతం ఏదైనా ఉందని పాస్టరయ్య అంటే, నా మట్టుకు ఆ ఒక్క షరతే.

బావకు నష్టం కలిగిన మాట నిజం. వాటా తీసుకున్న ఇంకో మనిషి ఇల్లు చూసినప్పుడు ఇప్పటికీ నాకు చిన్న లెక్క గుర్తొస్తుంది. బావకు గుర్తొస్తుందా అని ఒకసారి అడిగాను. "వస్తది" అన్నాడు. "బియ్యంల చెయ్యి పెట్టినప్పుడల్ల వస్తది. గందుకే జర లోపలికి పెడ్త."

కాని నేను మోసుకుతిరిగేది ఆ మర్నాటి ఆదివారాన్ని.

పట్నం నుంచి బస్సులు మహేశ్వరం వైపు పోతున్న సమయానికి, బావ టార్పాలిన్ కింద నుంచి మోటార్‌సైకిల్ తీసి, అక్కను ఎక్కించుకొని గుడికి వచ్చాడు. ఆ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కానే వేసుకున్నాడు. ముందు చాప మీద అతడి చోటు ఖాళీగా లేదు. డోలక్ వాయించే కొత్తవాడు బాగానే వాయిస్తున్నాడు. ఎవరూ లేచి చోటివ్వలేదు, ఎవరికీ ఏమీ తెలియదు. బావ తలుపు పక్కన, చెప్పుల దగ్గర కూర్చున్నాడు. నా చివరి చాప అతడికన్నా ముందుంది. అట్లాంటి స్థితి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

కానుకల సమయంలో ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి గంప దగ్గరికి నడిచారు. అక్క కొంగు ముడి విప్పింది. అందులో ఉన్నది ఒక్క పూట పిడికెడే, అంతకు ముందు వారాల్లో వంటే లేదు కదా. అందరి మూటల పక్కన అది పిట్టకు వేసినట్టే ఉంది. ఆమె చిన్న చేతి మీదుగా గంపలోకి జారింది, రేషన్ బియ్యంలో, నూకల్లో కలిసిపోయింది. ఎవరి బియ్యం ఏదో ఇక చెప్పలేం. పాస్టరయ్య కళ్లు మూసుకొని అందరి కోసం ఒకే ప్రార్థన చేశాడు. ఆ గంపలో ఒక వెంచర్‌లో వాటా మొత్తం ఉందని ఆయనకు తెలియదు.

నేను కళ్లు మూసుకోలేదు. తలుపు దగ్గరికి చూశాను. బావ తల వంచుకొని, తెరిచిన ఖాళీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చుని ఉన్నాడు. రేకుల సందులోంచి పడుతున్న వెలుగు ఆ అరచేతుల మీద కదులుతోంది. నా పక్కనున్నవాడు ఏదో జోక్ కోసం నా వైపు తిరిగాడు. నేను అతడిని ఊరుకోమన్నాను.

ఆ వారం పాస్టరయ్య ఇంట్లో అన్నం మళ్లీ కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉడికి ఉంటుంది.